రూపాయికి పెట్టిన చీర

నా పిట్టా,

బాగున్నావా? నువ్వు పోయి వచ్చే మంగళవారానికి పదకొండు నెలలు. ఇన్నాళ్లూ రాయలేదని అలగకు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఒత్తులు, దీర్ఘాలు చూసుకుంటూ రాసేసరికి ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. ఈ కాగితాలు నీ ప్రింటర్ పక్కన ఉన్న కట్టలోవే. ఇంకా సగం కట్ట ఉంది... నువ్వు ఏది కొన్నా రెండేళ్లకు సరిపడా కొంటావు కదా.

ముందు మంచి కబురు చెప్తాను. దుకాణం నడుస్తోంది. నీ 'మెత్తని బొంత' మూతపడలేదు.

ఇంకో కబురు వింటే నవ్వుతావు. మీ అమ్మ సాఫ్ట్‌వేర్ కొన్నది! దుకాణం లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్. ఐదు వాడి చూసి, ఇది బాగాలేదు, అది బాగాలేదు అని పక్కన పెట్టి, చివరికి ఒకటి కొన్నాను. సాఫ్ట్‌వేర్ అంటే మీ నాన్న కాపలా కాసే అద్దాల మేడలో ఉంటుంది, మనలాంటి వాళ్లం గేటు బయట నిలబడి చూడాలి అనుకునేదాన్ని. లింగంపల్లి మార్కెట్లో బెండకాయ కొస విరిచి చూసుకున్నట్టు, దాన్ని కూడా చూసుకుని కొనవచ్చట.

ఎలా జరిగిందో మొదటి నుంచి చెప్తాను. నేను ఏదైనా చెప్తుంటే మధ్యలో "అమ్మా, అసలు ముచ్చట చెప్పవే" అని తొందరపెట్టేదానివి. ఈసారి నీకు ఆ వీలు లేదు. విను.

నువ్వు పోయాక మూడు నెలలు నేను సూది ముట్టలేదు. బొంతలు కుట్టమని జనం పంపిన పాత చీరల మూటలు మంచం కింద అలాగే ఉన్నాయి. వాళ్లెవరూ తొందర చేయలేదు, పాపం. ఒకరోజు పొద్దున పక్కింటి నర్సమ్మ వచ్చింది. నువ్వు ఉండగా సగం కుట్టి ఆపిన బొంత తీసుకుని మన వాకిట్లో కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. నర్సమ్మ కుట్టు ఎప్పుడూ దారి తప్పదు కదా... ఆ రోజు మాత్రం పాము పాకినట్టు వంకర్లు పోయింది. చూడలేక లాక్కుని, అంతా విప్పి, నేనే కుట్టాను. అంతే, మళ్లీ మొదలైంది. కావాలనే వంకరగా కుట్టిందంటావా? ఎన్నిసార్లు అడిగినా చెప్పదు.

రెహానా ప్రతి శనివారం వస్తుంది. ఆఫీసులో తన పక్కన నీ సీటు ఇంకా ఖాళీగానే ఉందట. మన మొదటి బొంత ఆమె బిడ్డకే కదా... వాళ్ల దాదీవి, నాయనమ్మవి, నూలు చీరలు రెండు తెచ్చి ఇచ్చి, నేను కత్తెర పెడుతుంటే కళ్లు మూసుకుంది. ఆ పిల్లకు ఇప్పుడు మూడేళ్లు. ఎక్కడికి పోయినా ఆ బొంతను ఈడ్చుకుంటూ పోతుంది. మన ఇంటికి కూడా తెస్తుంది. వచ్చిన ప్రతిసారీ నేను దాని కుట్లు చూసుకుంటాను. ఒక్కటీ ఊడలేదు.

రెహానా ఆర్డర్లు చూస్తుంది, పార్సిల్ మీద చిరునామాలు అంటిస్తుంది. నేను, నర్సమ్మ కుడతాము. ఇలా బాగానే ఉంది అనుకునేలోపు, పోయిన నెల నీ ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది.

నీ ఫోన్‌కు రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. ఎందుకని అడగకు.

నువ్వు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌కు గడువు అయిపోతోంది, డబ్బు కట్టకపోతే నెలాఖరుకు ఆపేస్తాం అని. ఎంతో తెలుసా? ఏడాదికి ఏడు వేల ఐదు వందలు! నువ్వు తీసుకున్నప్పుడు ఏదో తగ్గింపు ఉండేదట, ఇప్పుడు లేదట. చంటిపిల్లల బొంతకు పన్నెండు వందలు తీసుకుంటాం మనం. అందులో దారం పోను, పార్సిల్ పోను, నర్సమ్మ కూలి పోను... ఏడు వేలంటే ఎన్ని బొంతలు కుట్టాలి?

మీ నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. టోపీ కూడా తీయకుండా విన్నాడు. ఇగ బంద్ పెట్టు, గింత పరేషాన్ ఎందుకు మనకు, బిడ్డ లేని దుకాణం ఎవరి కోసం అన్నాడు. ఆ చివరి మాట అని, తనే బయటికి పోయి బండి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన బండినే మళ్లీ తుడిచాడు.

నాకేమో నోటుబుక్కు చాలదా అనిపించింది. రెహానా ఒప్పుకోలేదు. ఆర్డర్ ఒకచోట వస్తుంది, డబ్బు ఇంకోచోట పడుతుంది, పార్సిల్ మరోచోట నుంచి పోతుంది, ఇవన్నీ చేత్తో కలుపుకుంటూ కూర్చుంటే ఇగ కుట్టేదెవరు ఆంటీ అంది. అదీ నిజమే.

చివరికి మీ నాన్నతో ఒప్పందం చేసుకున్నాను. ఏడాదికి పదిహేను వందలు దాటకుండా, నాకు అర్థమయ్యే సాఫ్ట్‌వేర్ నెలాఖరులోపల దొరికితే దుకాణం ఉంటుంది. దొరకకపోతే ఇంట్లో ఉన్న చీరలు కుట్టేసి, వాళ్లవి వాళ్లకు పంపేసి, మూసేస్తాను. అప్పటికి ఇరవై రెండు రోజులుంది. సరే అన్నాడు. దొరకదని ఆయన ధైర్యం.

మొదటిది పూర్తిగా ఉచితం అని రాసుంది. సంబరపడి తెరిచాను. బిల్లు ప్రింట్ చేద్దామంటే తాళం బొమ్మ. రెండో ఫోన్‌లో చూద్దామంటే తాళం బొమ్మ. పోయిన నెల లెక్క కావాలంటే మళ్లీ తాళం. ఒక్కో తాళానికి ఒక్కో రేటు. కూడితే నీదే చవక అని తేలింది.

రెండోది నెలకు వంద రూపాయలే, కానీ అంతా ఇంగ్లీషు. రెహానా చదివి చెప్పింది. మీకు గోడౌన్లు ఎన్ని ఉన్నాయి అని అడుగుతోందట. మంచం కింద ఒకటి, బీరువా మీద ఒకటి, రెండని రాయమన్నాను. రెహానా నవ్వీ నవ్వీ చాయ్ ఒలకబోసుకుంది. నువ్వు ఉంటే "గోడౌన్ మేనేజర్ నర్సక్కనా?" అనేదానివి.

మూడోది తెలుగులో ఉంది. ఏడాదికి తొమ్మిది వందలు. వారం రోజులు ఊరికే వాడుకోవచ్చు. అక్షరాలు చదువుకుంటూ వేలితో నొక్కుతుంటే నేను కూడా ఆఫీసుకు పోయేదానిలా అనిపించింది. ఆ వారం రెహానాకు ఆఫీసులో పని ఎక్కువగా ఉండి రాలేదు. నేనే చేసుకుంటాలే, ఫికర్ చేయకు అని ఫోన్‌లో గొప్పలు పోయాను.

అక్కడ జరిగింది పిట్టా, నీ దుకాణం పరువు గంగలో కలిపే పని.

మీ దగ్గర ఉన్న సరుకు రాయండి అని అడిగింది. ఇంట్లో ఉన్నవన్నీ రాశాను. దారం ఉండలు, సూదులు, పార్సిల్ సంచులు. ఆ తర్వాత చీరలు. పద్నాలుగు చీరలున్నాయి. ఫోటోలు కూడా పెట్టమంది. ఫోటోలకేం కొదవ? చీర రాగానే మన పచ్చ తలుపు మీద వేసి ఫోటో తీసి పంపడం నువ్వు పెట్టిన పద్ధతే కదా. "పంపినోళ్లకు పానం కుదుటపడాలె అమ్మా, వాళ్ల చీర మంచిగ చేరిందని కండ్లతోటి చూడాలె" అనేదానివి. ఆ ఫోటోలన్నీ పెట్టాను.

తర్వాత ధర రాయమంది. ఎవరి అమ్మ చీరకో నేనెలా ధర కడతాను? సున్నా రాద్దామంటే చేయి రాలేదు. పెళ్లిలో చదివించినా నూటికి ఇంకొంత కలిపి ఇస్తాం గానీ, సున్నా దగ్గర ఆపం కదా. అందుకే ఒక్కో చీరకు ఒక్కో రూపాయి రాశాను. పద్ధతిగా చేశానని మురిసిపోయాను కూడా. చివరలో, ఇవి అందరికీ చూపించాలా అని అడిగింది. దాచడానికి ఇదేమైనా దొంగ సొమ్మా? అవును అని నొక్కాను.

అర్థమైందా? పద్నాలుగు మంది తల్లుల చీరలు, పచ్చ తలుపు మీద ఫోటోలతో సహా, రూపాయి చొప్పున అమ్మకానికి పెట్టింది మీ అమ్మ!

నాకేం తెలుసు, ఆ సాఫ్ట్‌వేర్ మన సరుకు మొత్తాన్ని ఆన్‌లైన్ దుకాణంలో కూడా పెడుతుందని?

మర్నాడు పొద్దున పప్పులో తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది. నిజాంపేట నుంచి శారద గారు. నువ్వు ఉన్నప్పుడే ఒకసారి మనవడికి బొంత కుట్టించుకున్న టీచరమ్మ, ప్రతి మాటకూ అండీ అంటుందే, ఆమె. ఈసారి తన కోసమే పెద్ద బొంత కావాలని వాళ్లమ్మది గంధం రంగు చీర పంపింది. ఆ అమ్మ ఈ మధ్యే పోయింది. ఏవండీ, మా అమ్మ చీరను రూపాయికి పెట్టారేంటండీ అంది.

తాలింపు మాడింది. ఫోన్ తెరిచి చూస్తే, ఆ చీర కింద ఆకుపచ్చ అక్షరాలతో 'అమ్ముడైంది' అని ఉంది.

పిట్టా, ఆ క్షణం ఎలా అయిపోయానో చెప్పలేను. నువ్వు రెండేళ్లు ఒక్కొక్క చీరకు ఒక్కొక్క ఫోటో పంపి తెచ్చుకున్న పేరు... ఒక్క పూటలో పోగొట్టానే అనుకున్నాను. ఎవరో కొన్నారమ్మా, కానీ నేను ఇవ్వను, పోలీసులు వచ్చి అడిగినా ఇవ్వను, చీర నా మంచం మీదే ఉంది అని ఏడుస్తూ చెప్పాను. పక్కన నర్సమ్మ ఏం చేసిందో తెలుసా? రూపాయికి ఇస్తవని నాకు ముందుగాల చెప్పకపోతివి, నేనే తీసుకుందును గద అంది. చేతిలో గరిటె ఉంది, ఒక్కటి వేద్దామనుకున్నాను.

అటువైపు శారద గారు నవ్వు మొదలుపెట్టింది. కొన్నది నేనేనండీ అంది! మన ఆన్‌లైన్ దుకాణంలో చీర కనబడగానే భయమేసిందట. ఇంకెవరైనా కొనేస్తారేమోనని ముందు గబగబా రూపాయి కట్టేసి, తర్వాత ఫోన్ తీసిందట.

రూపాయి వెనక్కి పంపుతానంటే వద్దంది. బతికుండగా ఈ చీర ఒక్కసారి కట్టుకుంటానని ఎన్నిసార్లు అడిగినా మా అమ్మ ఇవ్వలేదండీ, ఇన్నాళ్లకు కొనుక్కున్నాను, ఉంచండి అంది. నవ్వుతూనే ముక్కు చీదింది.

మిగతా పదమూడు చీరలు ఎవరి కంటా పడకముందే రెహానా ఆఫీసు నుంచే తీసేసింది.

సాయంత్రం మీ నాన్నకు చెప్పాను. తిడతాడనుకున్నాను. నవ్వాడు... కంచం పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఈ పదకొండు నెలల్లో ఆయన పళ్లు కనబడటం అదే మొదలు. తర్వాత తీరిగ్గా నాకు పాఠం చెప్పాడు. ఆఫీసు గేటు దగ్గర లోపలికి ఏ సామాను వచ్చినా ముందు ఒకటే అడుగుతారట, ఇది ఉండేదా, మళ్లా పోయేదా అని. ఉండేదైతే తెల్ల చిట్టీ. రిపేరు వాళ్ల పెట్టెలు, నిచ్చెనల్లాంటివి తిరిగి పోయేవి, వాటికి పసుపు చిట్టీ. పసుపు చిట్టీ సామానుకు ధర రాయరు. ఎవరిది, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోవాలి, అంతే. నీ చీరలన్నీ పసుపు చిట్టీవి, నువ్వు తెల్ల చిట్టీ రాసినవ్ అన్నాడు.

అని, ఉన్నట్టుండి ఆగిపోయాడు. రెండేళ్ల కిందట ఇలాగే అన్నం తింటుంటే నువ్వు అడిగావట. "నాన్నా, మీ గేటు కాడ లోపటికొచ్చిన సామాను ఎట్ల రాసుకుంటరు?" ఆయన చెప్పాడట. ఎందుకమ్మా అని అడగలేదట. ఎందుకు అడగలేదు నేను అని ఆ పూట రెండుసార్లు అన్నాడు.

ఆ శనివారం రెహానా నీ పాత సాఫ్ట్‌వేర్ తెరిచి వెతికింది. అందులో ఒక పేజీకి నువ్వు తెలుగులో పేరు పెట్టుకున్నావు. 'మనది కాదు.' చీరలన్నీ అక్కడ ఉన్నాయి. ఎవరిది, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పంపాలి. ధర ఎక్కడా లేదు. "చీర మనది కాదే అమ్మా. సూది మనది, దారం మనది, కుట్టు మనది, గంతే" అనేదానివి కదా. మిగిలిన ముక్కలు పారేయొద్దని, చిన్న సంచి కుట్టి వాళ్లవి వాళ్లకే పంపాలని చెప్పడానికి అలా అంటున్నావు అనుకున్నాను. లెక్కలో కూడా అదే మాట రాసుకున్నావని నాకేం తెలుసు?

ఇక రెహానా పట్టు పట్టింది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఫోన్ చేసి అందరినీ ఒకటే అడిగింది, మాది కాని సరుకు రాసుకునే చోటు ఉందా అని. ఒకరు లేదన్నారు. ఒకరు అలాంటి సరుకు మీ దగ్గర ఎందుకుంది మేడం అని అనుమానంగా అడిగారు! ఇద్దరు ఉందన్నారు. అవే నాలుగోది, ఐదోది. రెండూ తెలుగులో ఉన్నాయి. నాలుగోది ఏడాదికి ఎనిమిది వందల యాభై. ఐదోది పన్నెండు వందల యాభై. ఇంకేముంది ఆంటీ, చవకది తీసుకుందాం అంది రెహానా. గడువు నాలుగు రోజులే ఉంది.

ఒక్క రోజు ఆగు, ఒక బట్ట రాసి చూస్తాను అన్నాను. రూపాయి దెబ్బ తిన్నదాన్ని కదా, నా మాట కాదనలేదు.

ఏ బట్ట రాశానో నీకు చెప్పకుండా ఎలా ఉంటాను?

నీ పసుపు చున్నీ. ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్నది. బొంతలో కలిపి కుట్టుకో, ఒంటి మీద ఉంటది అని నర్సమ్మ మంచికే చెప్పింది. రెండుసార్లు కత్తెర తీశాను, రెండుసార్లు పెట్టేశాను. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని పచ్చ తలుపు మీద వేసి ఫోటో తీశాను. తలుపుకు బాగా నప్పింది.

నాలుగోదాంట్లో రాశాను. ఎవరిది? శ్రావణిది. ఎప్పుడొచ్చింది? ఇవాళ్టి తేదీ వేశాను. ఎప్పుడు తిరిగి ఇవ్వాలి?

ఏం రాయను బిడ్డా...

ఖాళీగా వదిలి నొక్కాను. తేదీ తప్పనిసరి అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కాను. మళ్లీ ఎర్రగా వచ్చింది. పక్కన పెట్టేశాను.

ఐదోదాంట్లో రాశాను. ఎవరిది, ఎప్పుడొచ్చింది... తేదీ దగ్గర ఖాళీ వదిలి, మెల్లగా నొక్కాను. అది ఏమీ అనలేదు. అడగలేదు. రాసుకుంది. శ్రావణి, పసుపు చున్నీ, తేదీ దగ్గర ఒక చిన్న గీత.

దాన్నే కొన్నాను.

నాలుగు వందలు ఎక్కువ కదా, ఎందుకు అని మీ నాన్న అడిగాడు. దీంట్లో అక్షరాలు పెద్దగా కనబడుతున్నాయి అని చెప్పాను. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని, అద్దాలు తుడుచుకుని చూశాడు. అక్షరాలు రెండింట్లో ఒకటే సైజు. అవును, పెద్దగున్నయి అని డబ్బు కట్టేశాడు. లోపల రాసింది కూడా చూశాడంటావా? నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మర్నాడు పొద్దున మాత్రం పచ్చ తలుపును తడిగుడ్డ పెట్టి తుడిచి డ్యూటీకి పోయాడు.

నీ పాతదాంట్లో ఉన్నవన్నీ గడువులోపలే కొత్తదాంట్లోకి ఎక్కించాము. పేజీ పేరు నువ్వు పెట్టిందే పెట్టాము. శారద గారి బొంత మీ నాన్నే బండి మీద నిజాంపేటకు పోయి ఇచ్చి వచ్చాడు. పెద్ద బొంత రెండు వేలు. ఆమె ఇచ్చిన రూపాయి తగ్గించి వెయ్యిన్నీ తొమ్మిది వందల తొంభై తొమ్మిదికి బిల్లు వేశాను. పెద్ద షాపింగ్ మాల్ రేటు లాగ ఉంది ఆంటీ అని రెహానా ఒకటే నవ్వు. శారద గారు తన స్నేహితురాళ్లకు ఈ రూపాయి కథ చెప్పిందట, ఈ వారం ఐదు చీరలు వచ్చాయి. ఫోటోలు తీసి పంపాను. ఈసారి రెహానా నా వెనక నిలబడి చూసింది.

ఇగ ఫికర్ చేయకు. దుకాణం మూయను. ఎవరి చీరకూ ధర రాయను. నీ చున్నీకి కత్తెర పెట్టను, ఎవరి చేతా పెట్టనివ్వను.

ఉత్తరం చివర ఇట్లు నీ అమ్మ అని రాయాలని రెహానా చెప్పింది. నేను కాక ఇంత తప్పుల తడకగా నీకు ఇంకెవరు రాస్తారు?

అక్కడ ఎవరు వండుతారో, ఏం పెడతారో నాకు తెలియదు. ఫోన్ చూసుకుంటూ సగం అన్నం వదిలేయకు. వేళకు కూర్చుని, కడుపు నిండా తిను బిడ్డా.